పాత బోటుకు డీజిల్ తగ్గించే పని మొదలుపెట్టే ముందు

తూర్పు తీరంలో మరబోట్లకు చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. నెల్లూరు జిల్లా జువ్వలదిన్నె వైపు పాత మరబోట్లు ఉన్నవాళ్లకు డీజిల్ ఖర్చు సంగతి చూసుకోవడానికి ఇదే అదను. ఒడ్డుకు లాగే ముందు కొన్ని జాగ్రత్తలు.

లెక్క ముందు, రిపేరు తర్వాత. కాబట్టి ఈ మొదటి పని నిషేధం రాకముందే కానివ్వండి. ట్యాంకు నిండా పోసి, గాలి లేని రోజు ఒకే ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) మీద ఒకసారి పోటుకు ఎదురుగా, ఒకసారి వాలుగా నడపండి. జీపీఎస్‌లో వేగం, మళ్లీ నింపితే ఎంత పట్టిందీ రాసిపెట్టుకోండి. ఇది లేకపోతే చివరికి "తగ్గిందిలే" అనుకోవడమే మిగులుతుంది.

పొగ నల్లగా ఉంటే గాలి చాలడం లేదు, లేదా ఇంజిన్ మీద లోడు ఎక్కువైంది. ముందు ఎయిర్ ఫిల్టరు చూసి, తర్వాత ఇంజెక్టర్లు (ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మేవి) విప్పండి. నీలం పొగైతే ఆయిల్ కాలుతోంది.

వేగం 10 శాతం తగ్గిస్తే గంటకు డీజిల్ సుమారు పావు వంతు తగ్గుతుంది, పైసా ఖర్చు లేదు. కుర్రాళ్లు ఒప్పుకోరు, అది వేరే సంగతి.

ప్రొపెల్లర్ ముట్టుకునే ముందు బ్యాటరీ వైరు తీసి, తాళంచెవి మీ జేబులోనే పెట్టుకోండి. దానికి అంటుకున్న గుల్లలకు ఉలి వాడొద్దు, రెక్క అంచు చెడుతుంది, చెక్కముక్కతో గీకండి. బోటు అడుగున ఉండే పాత రంగు విషం. తడిపి గీకాలి, మాస్కు తప్పనిసరి, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు.

షాఫ్టు (ఇంజిన్‌ను ప్రొపెల్లర్‌కు కలిపే ఇరుసు) అలైన్‌మెంటు, అంటే ఇంజిన్‌తో దాని వరస, ఒడ్డునే ఖాయం చేయకండి. చెక్కబోటు నీళ్లలో దిగాక కాస్త సర్దుకుంటుంది, ఆఖరి కొలత అక్కడే తీయించండి.