రాస్ ప్రోటీన్ పొరకు చేరడం లేదా? ముందు చివరి నాలుగు అమైనో ఆమ్లాలు చూడండి

సమస్య: పచ్చగా మెరిసే జీఎఫ్‌పీ ప్రోటీన్ తగిలించిన హెచ్-రాస్‌ను (కణం పెరుగుదలకు సంకేతాలిచ్చే ప్రోటీన్) హెలా కణాల్లో (ల్యాబ్‌లో పెంచే మానవ క్యాన్సర్ కణాలు) పెట్టారు. 24 గంటల తర్వాత కణం అంచున సన్నటి గీతలా, కేంద్రకం పక్కన గాల్జీ (ప్రోటీన్లను సిద్ధం చేసి పంపే భాగం) దగ్గర కాస్త ముద్దలా పచ్చగా కనిపించాలి. కానీ కేంద్రకంతో సహా కణమంతా ఒకే తీరుగా పచ్చగా పరుచుకుంది.

ఇది చూడగానే చాలామంది ట్రాన్స్‌ఫెక్షన్ (డీఎన్ఏను కణాల్లోకి ఎక్కించడం) రసాయనం మారుస్తారు, డీఎన్ఏ పెంచుతారు, హైదరాబాద్‌లో ఇంకోసారి కాన్ఫోకల్ మైక్రోస్కోప్ స్లాట్ పట్టుకుంటారు. కణాలు మెరుస్తున్నాయంటే ట్రాన్స్‌ఫెక్షన్ అయినట్టే కదా. దాన్ని ముట్టుకోవద్దు.

మొదటి తనిఖీ: ఉన్నది పూర్తి ప్రోటీనేనా?

జీఎఫ్‌పీ యాంటీబాడీతో వెస్టర్న్ బ్లాట్ (ప్రోటీన్లను సైజును బట్టి వేరుచేసి చూసే పద్ధతి) వేయండి. జీఎఫ్‌పీ 27, రాస్ 21, కలిపి 48 కిలోడాల్టన్ల దగ్గర పట్టీ రావాలి. 27 దగ్గర మందంగా వస్తే మీరు చూస్తున్నది రాస్ కాదు, తెగిపోయిన జీఎఫ్‌పీ. అంత చిన్నది కేంద్రక రంధ్రాల్లోంచి దానంతటదే లోపలికి పోతుంది. ఉత్త జీఎఫ్‌పీ పెట్టిన బావి (ప్లేట్‌లోని గుంట) ఒకటి పక్కన లేకపోతే ఈ తేడా కంటికి ఆనదు. ఆ ఒక్క బావినే ఎగ్గొట్టి నెలంతా పరేషాన్ అయ్యేవాళ్లకు కొదవ లేదు.

రెండో తనిఖీ: జీఎఫ్‌పీ ఏ కొసన ఉంది?

పీఈజీఎఫ్‌పీ-ఎన్1 అనే వెక్టర్‌లో (జన్యువును మోసే డీఎన్ఏ వలయం) మీ జన్యువు జీఎఫ్‌పీకి ముందు కూర్చుంటుంది, అంటే జీఎఫ్‌పీ మీ ప్రోటీన్ తోక (సీ) కొసకు తగులుతుంది. దాని జోడీ పీఈజీఎఫ్‌పీ-సీ1లో దీనికి తలకిందులు. పేరు చూసి తికమక పడొద్దు, మ్యాప్ తెరిచి చూడండి. రాస్ చిరునామా తోకలో ఉంది కాబట్టి దానికి సీ1 వాడాలి. ఎస్ఆర్‌సీ అనే ప్రోటీన్‌లో రెండో స్థానంలోని గ్లైసీన్‌కు 14 కార్బన్ల మిరిస్టేట్ అనే కొవ్వు ఆమ్లం అంటుకోవాలి, కాబట్టి తల ఖాళీగా ఉండాలి, అంటే ఎన్1. ఈజీఎఫ్ గ్రాహకం వంటివాటికి మొదట్లోనే సిగ్నల్ పెప్టైడ్ ఉంటుంది, వాటి తలకూ జీఎఫ్‌పీ కట్టొద్దు.

మూడోది: అసలు దొంగ స్టాప్ కోడాన్

వెక్టర్ సరైనదే, ఫ్రేమ్ సరైనదే, ఎంజైమ్‌తో కోస్తే ముక్క సైజూ సరిపోయింది, వెస్టర్న్‌లో పట్టీ 48 దగ్గరే వచ్చింది. అయినా కణమంతా పచ్చదనమే. అప్పుడు అనుమానించాల్సింది దీన్నే: ప్రోటీన్ ఇక్కడితో ఆగాలని చెప్పే మూడు బేసుల స్టాప్ అసలు ఉందా లేదా అని.

హెచ్-రాస్‌లో ఉండేవి 189 అమైనో ఆమ్లాలు. చివరి నాలుగు సిస్టీన్, వాలీన్, ల్యూసీన్, సెరీన్. ఫార్నెసిల్ ట్రాన్స్‌ఫరేస్ అనే ఎంజైమ్ ఆ 186వ సిస్టీన్‌కు 15 కార్బన్ల ఫార్నెసిల్ అనే కొవ్వు గొలుసును అతికిస్తుంది. అయితే ఆ సిస్టీన్ కచ్చితంగా చివరి నుంచి నాలుగోది కావాలి. ఆ తర్వాతే ఈఆర్ (కణం లోపలి పొరల వల) మీద ఆర్‌సీఈ1 అనే ఎంజైమ్ చివరి మూడింటిని కోసేస్తుంది, ఐసీఎంటీ అనే మరో ఎంజైమ్ మిథైల్ తగిలిస్తుంది, గాల్జీలో 181, 184 సిస్టీన్లకు పామిటేట్ అనే కొవ్వు ఆమ్లం చేరుతుంది, అక్కడి నుంచి ప్రోటీన్ కణత్వచానికి పోతుంది. మొదటి మెట్టు తప్పితే మిగతావి ఏవీ జరగవు.

తప్పు ఇట్లా జరుగుతుంది. జన్యువును మొదట ఎన్1 కోసమో, తోకలో ఫ్లాగ్ (చిన్న గుర్తింపు ముక్క) కట్టడానికో పీసీఆర్ చేసి ఉంటారు. అప్పుడు రివర్స్ ప్రైమర్‌లో స్టాప్ తీసేయడం సబబే. తర్వాత ఆ ముక్కనే మక్కీకి మక్కీ సీ1లోకి మారుస్తారు. ఇప్పుడు రైబోజోమ్ సెరీన్ దగ్గర ఆగదు, వెక్టర్‌లో స్టాప్ తగిలేదాకా పోతుంది. తోకకు కొన్ని అదనపు అమైనో ఆమ్లాలు తగులుతాయి. అవి పది ఉన్నా బరువు సుమారు ఒక్క కిలోడాల్టన్, జెల్ మీద ఆ తేడా ఎవరికీ కనబడదు. ఒక్కటి తగిలినా ఫార్నెసిల్ రాదు.

తనిఖీకి పది నిమిషాలు చాలు. సీక్వెన్సింగ్ ఫైల్ తెరవండి. కంప్యూటర్‌లో మీరే గీసుకున్న మ్యాప్ కాదు, ల్యాబ్ నుంచి వచ్చిన క్రోమాటోగ్రామ్ (బేసులను శిఖరాలుగా చూపే గ్రాఫ్). జీఎఫ్‌పీ నుంచి మొదటి స్టాప్ దాకా అనువదించి చివరి నాలుగు అక్షరాలు చదవండి. స్టాప్‌తో కలిపి హెచ్-రాస్ 570 బేసులు. జీఎఫ్‌పీ వైపు ప్రైమర్‌తో ఒక్క రీడ్‌లోనే అందుతుంది గానీ, రీడ్ చివర శిఖరాలు మసకబారుతాయి, సాఫ్ట్‌వేర్ వాటిని కత్తిరించేస్తుంది. మనకు కావాల్సింది ఆ కొసే. అందుకే వెక్టర్ వైపు నుంచి రివర్స్ రీడ్ కూడా అడగండి. ప్రైమర్ ఆర్డర్ కాగితం ఉంటే ఇంకా తేలిక: కోత స్థానం అక్షరాల వెంటనే టీసీఏ (టీజీఏకు ఎదురు పోగు), లేదా టీటీఏ, సీటీఏ ఉందా? లేకపోతే దొంగ దొరికినట్టే.

పరిష్కారం: స్టాప్ ఉన్న కొత్త రివర్స్ ప్రైమర్‌తో మళ్లీ పీసీఆర్ చేసి క్లోన్ చేయండి, లేదా సైట్ డైరెక్టెడ్ మ్యూటజెనెసిస్‌తో ఆ మూడు బేసులు చొప్పించండి. మూడు నాలుగు కాలనీలు తీసి రెండు వైపులా చదివించండి. పక్కన 186వ సిస్టీన్‌ను సెరీన్‌గా మార్చిన క్లోన్ ఒకటి పెట్టుకోండి. మీ పాత బొమ్మ దానితో అచ్చుగుద్దినట్టు సరిపోతే రోగ నిర్ధారణ అయిపోయింది. కొత్తది ఈఆర్, గాల్జీ దగ్గరికి వచ్చి అంచుకు పోకపోతే ఫార్నెసిల్ పడినట్టే, ఇక పామిటేట్ సంగతి చూడాలి.

రాస్ బంధువులైన రో-ఏ, రాక్1 (Rac1), సీడీసీ42 ప్రోటీన్లకూ ఇదే గొడవ. అక్కడ చివర ల్యూసీన్, తగిలేది 20 కార్బన్ల జెరానిల్‌జెరానిల్.

ఇక వేరే చిక్కులు. బతికున్న కణంలో బాగుంది, స్లైడ్‌లో చెదిరింది: మిథనాల్‌తోనో, ట్రైటాన్ అనే డిటర్జెంట్‌తోనో కొవ్వు పొరలు కరిగాయి. జీఎఫ్‌పీ చూడటానికి ట్రైటాన్ దేనికి? 4 శాతం పారాఫార్మాల్డిహైడ్ 15 నిమిషాలు, పీబీఎస్‌తో మూడు కడుగుళ్లు, అంతే. నల్లగొండ నుంచి స్లైడ్లు బస్సులో తీసుకెళ్లేటట్టయితే అంచులు సీల్ చేసి, వెలుగు తగలకుండా ఐస్ డబ్బాలో పెట్టండి.

గాల్జీ దగ్గర కుప్పపడింది: ప్రోటీన్ మితిమీరి తయారైంది. 24 బావుల ప్లేట్‌లో బావికి 500 నానోగ్రాములకు బదులు 100 వేసి, మిగతాది ఖాళీ వెక్టర్‌తో నింపండి. మసకగా మెరిసే కణాలనే ఫొటో తీయండి, ధగధగలాడేవి అబద్ధం చెబుతాయి.

20 డిగ్రీల దగ్గర ప్రోటీన్‌ను గాల్జీలో ఆపే ప్రయోగంలో అది ఆగడం లేదు: మహబూబ్‌నగర్ మే నెలలో చిల్లర్ లేని వాటర్ బాత్ 20కి దిగదు. మామూలు ఇంక్యుబేటర్‌కు వేడి చేయడమే వచ్చు, చల్లార్చడం రాదు. ఏసీ ఆగిన మధ్యాహ్నం 37 కూడా దాటుతుంది. డిస్‌ప్లేను నమ్మకుండా లోపల వేరే థర్మామీటర్ పెట్టండి.

ఎంజైమ్‌లోనే లోపం, కణ రకం తేడా, మైకోప్లాస్మా (కణాలకు సోకే బ్యాక్టీరియా) వంటివి చూడటం పైవన్నీ అయ్యాకే. కణాలకు స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు) ఏమైనా వేశారేమో ఒక్కమాట అడగండి, అది ఫార్నెసిల్ తయారీనే ఆపుతుంది.