అడవికోడా, నాటుకోడా? ముందు కాళ్లు చూడండి

అడవి అంచున కోడి ఫోటో తీసి "ఇది అడవిదేనా?" అని అడిగేవాళ్లను, కాళ్లు కనిపించే ఫోటో ఉంటే పంపమంటాను. పుంజు ఈకల రంగులు ఊళ్లోని నాటుపుంజుకీ ఉంటాయి, వాటిని నమ్ముకోలేం.

ఎర్ర అడవికోడి కాళ్లు, పుంజువైనా పెట్టవైనా, సీసం రంగులో ఉంటాయి. బూడిద అడవికోడివి పసుపు, పుంజు కాళ్లలో కాస్త ఎరుపూ కలుస్తుంది. ఒంటి మీద ఎర్ర ఈకలు, కింద పసుపు కాళ్లు కనిపిస్తే నేనైతే నాటురక్తమే అంటాను. పెంపుడు కోడి ప్రధానంగా ఎర్ర అడవికోడి సంతతే అయినా, దాని కాళ్లను పసుపు చేసే పసుపు చర్మపు జన్యువు బూడిద అడవికోడి నుంచి వచ్చిందని 2008లో తేలింది. అయితే నాటుకోళ్లలో నల్లకాళ్లవీ ఉన్నాయి కాబట్టి, కాళ్లు సీసం రంగులో ఉన్నంత మాత్రాన అడవిదని తేల్చేయకండి.

అప్పుడు తోక చూడాలి. ఎర్ర అడవికోడి పుంజు తోకను కిందికి వాల్చుకుని నడుస్తుంది, తోక మొదలు దగ్గర తెల్ల మచ్చ ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు మధ్య మెడ మీది బంగారు ఈకలు రాలి నల్లటి పొట్టి ఈకలొస్తాయి, తురాయి కుంచించుకుపోతుంది. నాటుపుంజుకి ఈ మార్పు రాదు. కూత నాటుపుంజుదిలాగే మొదలై, చివర్లో టక్కున తెగిపోతుంది.

పెట్టల్లో తేడా ఇంకా తేలిక, కానీ ఎవరూ వాటిని ఫోటో తీయరు! బూడిద పెట్ట రొమ్ము తెల్లగా, నల్ల అంచులతో పొలుసుల్లా ఉంటుంది. ఎర్ర పెట్టది గోధుమ ఎరుపు.

చోటు కూడా సాయం చేస్తుంది. సుమారుగా గోదావరికి ఉత్తరాన సాల అడవుల్లో ఎర్రది, దక్షిణాన నల్లమల, శేషాచలం వైపు బూడిదది.

నోట్‌బుక్‌లో వర్గం ఇలా రాసుకోండి: క్రమం గాలిఫార్మిస్, కుటుంబం ఫేసియానిడే (నెమలిదీ ఇదే), ప్రజాతి గాలస్. ఇందులో నాలుగే అడవి జాతులు. ఎర్రది గాలస్ గాలస్, బూడిదది గాలస్ సొనెరాటీ. మిగతావి శ్రీలంకది, జావా వైపుండే ఆకుపచ్చది. నాటుకోడి గాలస్ గాలస్ డొమెస్టికస్. కాళ్లూ తోకా సరిగా కనిపించకపోతే "గాలస్" అని రాసి ఆపేయండి. జాతి పేరు ఊహించి రాయొద్దు.