వచ్చిపోయే చెక్ ఇంజిన్ లైటు: సెన్సర్ కొనేముందు వైరు చూడండి

పాత కారులో చెక్ ఇంజిన్ లైటు రెండు రోజులు వెలిగి, మూడో రోజు దానంతట అదే ఆరిపోతుంటే చాలా షెడ్లలో జరిగేది ఒకటే. స్కానర్ పెడతారు, కోడ్‌లో ఏ సెన్సర్ పేరుంటే దాన్ని మార్చేస్తారు. వారం తిరక్కుండా లైటు మళ్ళీ వస్తుంది. ఆ కోడ్ చెప్పేది సెన్సర్ పోయిందని కాదు, దాని సర్క్యూట్‌లో తేడా ఉందని. సెన్సర్, కనెక్టర్, వైరు, ఎర్త్, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) అన్నీ కలిస్తేనే సర్క్యూట్. వచ్చిపోయే లోపానికి ముందు కనెక్టర్‌ని, వైరుని అనుమానించాలి. సెన్సర్ వంతు ఆఖర్న.

కావలసినవి: కారు సాకెట్‌లో పెడితే కోడ్‌లని ఫోన్‌కి పంపే ఈఎల్ఎం327 బ్లూటూత్ అడాప్టర్, గ్రాఫ్ చూపే ఫోన్ యాప్, మిన్-మ్యాక్స్ బటన్ ఉన్న మల్టీమీటర్, కాంటాక్ట్ క్లీనర్, హెయిర్ డ్రైయర్, తోడుకి ఒక మనిషి. మన దేశంలో ఓబీడీ-2 (బండి తన లోపాలని తానే కనిపెట్టి కోడ్‌గా చెప్పే పద్ధతి) తప్పనిసరి అయింది 2013 ఏప్రిల్‌లో. అంతకంటే పాత బండికి సాకెట్ ఉన్నా యాప్ కలవకపోవచ్చు, అప్పుడు ఆ కంపెనీ స్కానరే కావాలి.

ముందు కోడ్ చదవండి, చెరపకండి. కోడ్ పడిన క్షణంలోని ఆర్‌పీఎం, వేగం, కూలెంట్ వేడి ఫ్రీజ్ ఫ్రేమ్‌లో ఉంటాయి, ఫోటో తీసుకోండి. కోడ్ చెరిపితే అదీ పోతుంది. బ్యాటరీ వైరు పీకినా చాలా బండ్లలో పోతుంది. ఇంజిన్ బాగా వేడిగా ఉన్నప్పుడే పడుతోందా, గతుకుల రోడ్డు మీదా, వాన పడ్డాకా అన్నది తెలిస్తే సగం పని అయినట్టే.

తర్వాత బ్యాటరీ. ఆపి ఉంచినప్పుడు 12.6 వోల్టులు, స్టార్ట్ చేశాక 13.8 నుంచి 14.5 రావాలి. హెడ్‌లైట్లు, ఏసీ వేసి, బ్యాటరీ నెగటివ్‌కీ ఇంజిన్ బ్లాక్‌కీ మధ్య మీటర్ పెట్టండి. 0.2 వోల్టులు దాటితే ఎర్త్ వైరు బోల్టు విప్పి, గీకి, బిగించాలి. రెండు మూడు సెన్సర్ల కోడ్‌లు ఒకేసారి వస్తే సెన్సర్లన్నీ ఒక్కసారే పోవు. వాటన్నిటికీ వెళ్ళే 5 వోల్టుల సప్లయో, ఎర్తో తప్పు.

అసలు పని వైరు కదిపి చూడటం. అందరూ పాడుచేసేదీ ఇక్కడే. బండి న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ మీద ఉండాలి. చున్నీ, పైటకొంగు, చేతి గొలుసు ఏవీ వేలాడకూడదు. రేడియేటర్ ఫ్యాన్ చెప్పకుండా తిరుగుతుంది. పసుపు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, ముట్టుకోవద్దు. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా ఈసీయూ కనెక్టర్ విప్పవద్దు.

యాప్‌లో ఒక్క సెన్సర్ రీడింగే పెట్టాలి. పది పెడితే చౌక అడాప్టర్ ఒక్కొక్కదాన్నీ వంతులవారీగా అడుగుతుంది, క్షణంలో వచ్చిపోయే తేడా మధ్యలో జారిపోతుంది. తోడున్న మనిషి గ్రాఫ్ చూస్తుంటే, మీరు సెన్సర్ కనెక్టర్ దగ్గర మొదలుపెట్టి జానెడు జానెడు వైరుని మెల్లగా వంచుతూ ఈసీయూ వైపు వెళ్ళండి. లాగకండి. లాగితే సగం తెగిన తీగ పూర్తిగా తెగిపోవచ్చు. మలుపుల దగ్గర, క్లిప్పుల దగ్గర, ఇంజిన్‌కి ఆనుకున్న చోట, ఎలుకలు గూడు కట్టే మూలల్లో ఎక్కువసేపు ఆగండి. గ్యాస్ కిట్ పెట్టిన బండ్లలో వైరు కోసి మెలిపెట్టి టేపు చుట్టిన ప్రతి అతుకునీ విప్పి చూడాలి. వాటిని సోల్డర్ చేసి హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకుని పట్టేసే గొట్టం) వేయాలి.

ఉదాహరణకి పి0118 కోడ్ తీసుకోండి, కూలెంట్ సెన్సర్ సర్క్యూట్‌లో వోల్టేజి ఎక్కువని దాని అర్థం. వైరు వంచినప్పుడు 88 డిగ్రీల నుంచి గీత ఒక్కసారిగా మైనస్ 40కి పడితే అక్కడే తీగ తెగింది. కొన్ని ఈసీయూలు అప్పుడు సొంత అంకె చూపి ఫ్యాన్ వేసేస్తాయి, అదీ గుర్తే. కనెక్టర్ పీకి దాని రెండు పిన్నులనీ చిన్న తీగతో కలిపితే రీడింగ్ పై అంచుకి పోవాలి. పోయిందంటే ఆ క్షణానికి వైరింగ్ బాగుంది. ఈ కలపడం రెండు వైర్ల ఉష్ణోగ్రత సెన్సర్లకే. మూడు వైర్ల థ్రాటిల్ సెన్సర్ దగ్గర చేస్తే 5 వోల్టుల సప్లయి షార్ట్ అవుతుంది.

మీటర్ లావు ప్రోబు కనెక్టర్ ముందు వైపు నుంచి గుచ్చకండి. లోపలి స్ప్రింగు పిన్ను వెడల్పై పట్టు వదిలేస్తుంది, లేని జబ్బు అంటించినట్టవుతుంది. వెనక రబ్బరు పక్కనుంచి సన్న సూది దూర్చాలి. వైరు తొడుగుకి చిల్లు అసలే వద్దు, వానాకాలంలో నీరు చేరి రాగి పచ్చబడుతుంది.

కదిపినా ఏమీ దొరక్కపోతే డ్రైయర్‌తో సెన్సర్‌ని వేడి చేయండి. వేడెక్కాక ఆగి, అరగంట చల్లారితే స్టార్టయ్యే బండిలో క్రాంక్ సెన్సర్ (ఇంజిన్ తిరిగే వేగం చూసేది) తరచూ ఇలాగే బయటపడుతుంది. బండి ఆగినప్పుడు సెల్ఫ్ కొడుతూ యాప్‌లో ఆర్‌పీఎం సున్నానే చూపితే, వైరింగ్ బాగుందని తేల్చుకున్నాక అప్పుడు సెన్సర్ కొనండి.

రిపేరయ్యాక కోడ్ చెరిపి, ఫ్రీజ్ ఫ్రేమ్‌లో ఉన్న వేడికీ వేగానికీ బండిని తీసుకెళ్ళండి. చాలా కోడ్‌లు వరసగా రెండు ప్రయాణాల్లో తప్పు దొరికితేనే లైటు వెలిగిస్తాయి, కాబట్టి లైటు లేదని ఊరుకోకుండా పెండింగ్ కోడ్‌ల (తప్పు దొరికినా ఇంకా లైటు వెలిగించనివి) పేజీ కూడా తెరిచి చూడండి.