జేబు కెమెరా కొనే ముందు సెన్సర్ కొలత అడగండి

చేతిలో ఫోను ఉండగా చిన్న కెమెరా కొనాలనుకుంటే మెగాపిక్సెళ్ల లెక్క పక్కన పెట్టి, వెలుగును పట్టి ఫొటోగా మార్చే సెన్సర్ ఎంతో అడగండి. చవక మోడళ్లలో చాలావాటికి 1/2.3 అంగుళాల సెన్సరే, అంటే సుమారు 6.2 × 4.6 మిల్లీమీటర్లు. ఇప్పటి మంచి ఫోను దానికేమీ తీసిపోదు. ఆ డబ్బు దండగే. ఒక అంగుళం అని పిలిచే రకం (పేరుకే అంగుళం) 13.2 × 8.8 మిల్లీమీటర్లు, వైశాల్యంలో దాదాపు నాలుగు రెట్లు. 2012లో వచ్చిన సోనీ ఆర్‌ఎక్స్100లో ఉన్నది ఇదే. రికో జీఆర్ 3 సెన్సర్ ఇంకా పెద్దది కానీ జూమ్ ఉండదు. మన విశాఖ పూర్ణా మార్కెట్ సందుల్లో తిరిగేవారికి అది చాలు. కైలాసగిరి మీద నుంచి సముద్రంలో లంగరు వేసిన ఓడను దగ్గరగా తీయాలంటే మాత్రం ఆప్టికల్ జూమ్, అంటే లెన్సే కదిలి దగ్గరగా చూపేది, ఉన్నదే తీసుకోండి. డిజిటల్ జూమ్ చేసేది ఫొటోను కత్తిరించి సాగదీయడమే.

మన ఊళ్లో అసలు శత్రువు ఇసుక. ముందుకు పొడుచుకొచ్చే లెన్స్ గొట్టంలో రెండు రేణువులు చేరినా కరకరమంటూ ఆగిపోతుంది. ఆర్‌కే బీచ్‌కి వెళ్తే జిప్పు సంచిలో పెట్టండి, ప్యాంటు జేబులో వద్దు.

పాతది కొనేవారు అమ్మే మనిషి ఎదుటే పదిసార్లు ఆన్, ఆఫ్ చేసి లెన్స్ శబ్దం వినండి. తర్వాత అపెర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్/11కి తగ్గించి మబ్బు లేని ఆకాశాన్ని తీసి, తెరమీద పెద్దది చేసి చూడండి. నల్లటి మచ్చలుంటే లోపల దుమ్ము చేరినట్టే, బేరం వదిలేయండి.