ప్రహరీకి ముగ్గు పోసే ముందు

మా వైపు ప్రహరీ గోడలు లేచేది ఎక్కువగా వేసవిలోనే. వానల భయం ఉండదు, పొలం పనులు లేక కూలీలు దొరుకుతారు. పక్కింటివాళ్లతో మాటలు ఆగిపోయేది కూడా అప్పుడే. తీరా చూస్తే గొడవ మొదలైంది గోడ లేచాక కాదు, ఎవరినీ పిలవకుండా మేస్త్రీ పునాది గీతలకు ముగ్గు పోసిన పొద్దున.

ముందు దస్తావేజు తీయండి. మీదొక్కటే కాదు, పక్కవాళ్లది కూడా. మీ దాంట్లో ‘ఉత్తరం: ఫలానా వారి స్థలం’ అని ఉంటుంది. వాళ్ల దాంట్లో ‘దక్షిణం: 6 అడుగుల ఉమ్మడి సందు’ అని ఉండొచ్చు. ఆ ఆరడుగులు ఎవరివో తేలకుండా పునాది తవ్వితే ఆ గొడవ తెగదు. అడగడానికి మొహమాటమైతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ తీసుకోవచ్చు. కొలతలకూ హద్దులకూ పొత్తు కుదరకపోతే కోర్టులు సాధారణంగా హద్దులకే విలువిస్తాయి. కాబట్టి ‘నా గజాలు తగ్గాయి’ అన్న వాదన ఒక్కటే పట్టుకుని దిగకండి.

కొలతలు మేస్త్రీ టేపుతో కాకుండా సర్వేయర్ చేత వేయించండి. ఆంధ్రలో మీసేవలో ఎఫ్-లైన్ (హద్దులు కొలిచి చూపమనే) దరఖాస్తు పెడితే సర్వేయర్ వచ్చి హద్దులు చూపిస్తారు. గ్రామకంఠంలోని, అంటే ఊరి నివాస స్థలంలోని పాత ఇళ్లకు మాత్రం ఎఫ్.ఎం.బి.లో (సర్వే కొలతల పుస్తకంలో) ఇంటింటి కొలతలు ఉండవు. అక్కడ పాత గోడ, దస్తావేజు, పెద్దవాళ్ల మాట, ఇవే ఆధారం. కొలిచే రోజు పక్కవాళ్లు ఉండి తీరాలి. స్థలం వాళ్లది, మనుషులు డల్లాస్‌లో అన్న ఇళ్లు ఇప్పుడు ప్రతి వీధిలోనూ ఉన్నాయి. వీడియో కాల్ పెట్టి చూపించండి, లేదా వాళ్లు వచ్చేదాకా ఆగండి. ‘అరడుగే కదా’ అనుకోవద్దు. 60 అడుగుల గోడ వెంట అరడుగంటే 30 చదరపు అడుగులు, మూడు గజాల పైమాటే. మీ వీధిలో గజం ధరతో హెచ్చవేసి చూడండి.

అందరూ మరిచిపోయేది మట్టి కింద ఉండే పునాది. 9 అంగుళాల గోడకు కింద రెండడుగుల వెడల్పు పునాది వేశారనుకుందాం. గోడ అంచు సరిగ్గా హద్దు మీద పెడితే పునాది ఏడున్నర అంగుళాలు పక్కవాళ్ల మట్టిలోకి పోతుంది. మాకు అదే జరిగింది. గోడ కట్టిన ఎన్నో ఏళ్లకు పక్కింటివాళ్లు సెప్టిక్ ట్యాంకు తవ్వుతుంటే మా పునాది రాళ్లు బయటపడ్డాయి. పక్కింటి బాబాయ్ కేకలు వేయలేదు. మా నాన్నను పిలిచి, గడ్డపార మొనతో ఆ రాళ్ల మీద రెండుసార్లు తట్టి, ‘ఇవి మీవేగా అన్నయ్యా’ అన్నాడు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. అందుకే కట్టేటప్పుడే పునాది బయటికి పోయే మేరకు గోడను లోపలికి జరపండి. లేదా ఇద్దరూ కలిసి ఉమ్మడి గోడ కట్టుకుని, ఖర్చు ఎవరెంత, రేపు పడగొట్టాలంటే ఎవరి అనుమతి కావాలి అన్నది రాసుకోండి.

ఇక రోడ్డు వైపు. కొత్త రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరుగుతుంది కాబట్టి మనం ఇల్లు ఇంకా ఎత్తులో కడతాం. రెండడుగులు ఎక్కాలంటే కారుకు పది పన్నెండు అడుగుల వాలు కావాలి. అంత చోటు లోపల వదలడానికి మనసొప్పదు, ర్యాంపు రోడ్డు మీదికి దిగుతుంది, కాలువ పూడుతుంది. మొదటి పెద్ద వానకు ఆ నీళ్లు ఎదురింటి గుమ్మంలో ఉంటాయి. గేటును లోపలికి జరిపి, ర్యాంపు మొత్తం మీ స్థలంలోనే వచ్చేట్టు ప్లాన్‌లోనే గీయించండి. గేటు రెక్కలు లోపలికి తెరుచుకోవాలి. కాలువ మీద బిళ్ల వేస్తే పూడిక తీయడానికి లేపగలిగేలా ఉండాలి. ర్యాంపు పదేళ్లుగా ఉందన్నంత మాత్రాన రోడ్డు మీద హక్కు రాదు. పంచాయతీవాళ్లో మున్సిపాలిటీవాళ్లో వచ్చి కొట్టేస్తే ఖర్చు మీదే.

మీ స్థలంలోంచి ఎవరైనా నడుస్తున్నారా? గోడతో ఆ దారి మూసే ముందు ఆగండి. 1882 నాటి ఈజ్‌మెంట్ల (ఇతరుల స్థలం మీద ఉండే దారి లాంటి హక్కుల) చట్టం ప్రకారం ఒక దారిని 20 ఏళ్లు బాహాటంగా, అడ్డులేకుండా, హక్కుగా వాడుకుంటే అది నిజంగానే హక్కవుతుంది. మీరు ఇచ్చిన అనుమతితో నడిస్తే కాదు. అందుకే మంచితనంతో దారి ఇస్తున్నప్పుడు, ‘నా అనుమతితో నడుస్తున్నారు’ అని ఒక కాగితం రాయించుకుని ఇద్దరు సాక్షుల చేత సంతకాలు పెట్టించాలి. అడిగితే అనుమానిస్తున్నట్టుంటుందని మనకు జంకు. ‘వదినా, మన పిల్లల మధ్య మాట రాకుండా రాసుకుందాం’ అంటే ఎవరూ కాదనరు. మీరే స్థలం కొంటున్నారా? ‘దారి మేం చూపిస్తాంలెండి’ అన్న అమ్మేవాళ్ల మాట నమ్మకండి. దారి వెడల్పు అడుగుల్లో దస్తావేజులోకి ఎక్కాలి. పొలాల దగ్గరైతే పుంత, డొంక లాంటి బండి దారులు గ్రామ పటంలో ఉంటాయి, తొలకరి దుక్కికి ముందే చూసుకోండి.

అయినా గొడవ వస్తే పార జోలికి పోవద్దు, ఫోన్ తీసి ఫోటోలు తీయండి. హద్దు తేల్చమని స్టేషన్‌కి పోతే ‘సివిల్ మేటర్’ అంటారు, అది నిజమే. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. అందరూ నడిచే బాటను ఎవరైనా మూసేస్తే భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 152 కింద ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్‌కు (ఆర్డీవో లాంటి రెవెన్యూ అధికారికి) అర్జీ పెట్టొచ్చు.

తవ్వకం మొదలయ్యే ముందు రోజు సాయంత్రం హద్దు రాళ్లకు ఎర్ర రంగు వేసి, పక్కవాళ్లు కూడా పడేట్టు ఫోటో తీసి వాళ్లకీ పంపండి. పొక్లెయిన్ వాడికి ఆ రాళ్లు చూపించాకే తవ్వనివ్వండి.