మాట గుర్తు నిలవని పిల్లలకు తెలుగు చదవడం ఎలా నేర్పాలి?

మాటలు ఆలస్యంగా వచ్చి, బడికి వెళ్తున్నా వాక్యం సరిగ్గా కూర్చలేని పిల్లల్లో చాలామందికి విన్న శబ్దాలు కొన్ని క్షణాలైనా మనసులో నిలవవు. అది బద్ధకం కాదు, దయచేసి తిట్టకండి.

1. ముందు వినికిడి పరీక్ష చేయించండి. మధ్యచెవిలో నీరు చేరినా పిల్లలు ఇలాగే తడబడతారు.

2. అర్థం లేని మాటలు పలికించి చూడండి: లుగ, మబిగ, దాలునిప, కెమాబిలుత. ఒక్కోటి ఒక్కసారే చెప్పి తిరిగి అనమనండి. తెలిసిన పదమైతే అర్థం సాయం చేస్తుంది, వీటికి ఆ ఆసరా ఉండదు. ఎన్ని అక్షరాల దగ్గర జారిపోతోందో రాసి పెట్టుకోండి. దీన్నిబట్టి లోపం ఉందని మీరే తేల్చేయకండి. ఇవే మాటలు రోజూ వల్లె వేయించినా చదువు రాదు.

3. పొడుగు పదాన్ని విరిచి చదివించండి. అసలు పని ఇదే. ‘వెళ్ళిపోతున్నాడు’లో ఆరు అక్షరాలు. కూడబలుక్కుంటూ ‘డు’ దాకా వచ్చేసరికి ‘వె’ పోతుంది, పిల్లవాడు ఊహించి ‘వెళ్ళాడు’ అనేస్తాడు. అప్పుడు ‘మళ్ళీ మొదట్నుంచి చదువు’ అంటే అదే బరువు మళ్ళీ నెత్తిన పెట్టినట్టే. కాగితం ముక్కతో మిగతాది మూసి ‘వెళ్ళి’ ఒక్కటే చూపించండి. అది కలిపి పలికాక ‘పో’, ఆ తర్వాత ‘తున్నాడు’. చివర మొత్తం. ‘పుస్తకాలలోనుంచి’ కూడా అంతే: పుస్తకాల, లో, నుంచి. ఒత్తక్షరాన్ని మాత్రం చీల్చకండి. ‘తున్నాడు’, ‘నుంచి’ లాంటివి ప్రతి పేజీలోనూ వస్తాయి కాబట్టి, చూడగానే గుర్తుపట్టడం అలవాటైతే కూడబలుక్కునే పని తగ్గుతుంది. పూటకు ఐదారు పదాలు, పది నిమిషాలు చాలు.

4. కొందరు గడగడా చదివేస్తారు, ఏం చదివావంటే చెప్పలేరు. వాక్యం వాక్యానికీ ఆపి ‘ఎవరు? ఏం చేశారు?’ అని అడగండి. కొత్త పదాలు పాఠానికి ముందే వస్తువో బొమ్మో చూపించి పలికించాలి.

5. ‘పుస్తకం తీసి, 12వ పేజీ తిప్పి, రెండో లెక్క చేసి చూపించు’ అంటే మొదటిదో చివరిదో మాత్రమే మిగులుతుంది. ఒక్కో పనే చెప్పండి, టీచరుకూ ఈ మాట చెప్పండి.

6. స్పీచ్ థెరపిస్టును కలవండి. మండలంలోని భవిత కేంద్రంలో (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) గానీ, జిల్లా ఆసుపత్రిలో పిల్లల ఎదుగుదల లోపాలు చూసే కేంద్రంలో గానీ అడగండి. రాసి పెట్టుకున్న కాగితం, వినికిడి రిపోర్టు, బడి నోటుబుక్కు వెంట తీసుకెళ్ళండి.