రాకెట్ ఫ్లైట్ కంప్యూటర్: వైరింగ్, బ్యాటరీ సమస్యలు - పరిష్కారాలు

హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరికే ఆర్డుయినో నానో అనే చిన్న కంప్యూటర్ బోర్డు, బీఎంపీ280 పీడన సెన్సార్, రెండు మాస్‌ఫెట్‌లు (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్లు) కలిపితే అభిరుచి రాకెట్‌కు సరిపడే ఫ్లైట్ కంప్యూటర్ తయారవుతుంది. ఎత్తును కొలుస్తూ, సరైన క్షణంలో ఇగ్నైటర్‌కు (మందును అంటించే తీగకు) కరెంటు పంపి పారాచూట్‌ను విడుదల చేయించడం దాని పని. బల్ల మీద బుద్ధిగా నడిచిన ఆ బోర్డు రాకెట్‌లోకి ఎక్కాక మొరాయిస్తే అందరూ ముందు ప్రోగ్రామ్‌నే అనుమానిస్తారు. నా అభిప్రాయంలో మాత్రం, ఇగ్నైటర్‌కు కరెంటు వెళ్లే క్షణంలో బోర్డుకు ఎంత వోల్టేజి అందుతున్నదో తేల్చుకోకుండా కోడ్ జోలికి పోవడం వృథా శ్రమ.

నగరానికి చుట్టూ బేగంపేట, హకీంపేట, దుండిగల్, శంషాబాద్ విమాన క్షేత్రాలు ఉన్నందున అనుమతి లేకుండా ఇక్కడ రాకెట్ ఎగరేయడం కుదరదు. కాబట్టి లోపాలను బల్ల మీదే పట్టుకోవాలి. ఈ పరీక్షల్లో అసలు ఇగ్నైటర్‌ను గానీ పేలుడు మందును గానీ ఎప్పుడూ పెట్టవద్దు. వాటికి బదులు బైకు ఇండికేటర్‌లో వాడే 12 వోల్టుల, 10 వాట్ల బల్బు తగిలించండి. చల్లగా ఉన్నప్పుడు దాని ఫిలమెంట్ నిరోధం ఒకటి రెండు ఓంల దరిదాపుల్లోనే ఉంటుంది కనుక, వెలిగే తొలి క్షణంలో అది ఇంచుమించు ఇగ్నైటర్ లాగే బ్యాటరీని కుంగదీస్తుంది.

సమస్య: పారాచూట్ విడుదల కావలసిన క్షణంలోనే బోర్డు ఆగిపోతున్నది

బల్బు వెలగగానే బోర్డుకు తగిలించిన బజర్ మళ్లీ మొదటి నుంచి ప్రారంభ సంకేతం వినిపిస్తే, వోల్టేజి పడిపోయి బోర్డు రీసెట్ అయిందని అర్థం. బజర్ పూర్తిగా మూగబోయి, బ్యాటరీ వైరు ఊడదీసి మళ్లీ పెడితే తప్ప ప్రాణం రాకపోతే, లిథియం బ్యాటరీలోని రక్షణ సర్క్యూట్ అధిక కరెంటును షార్ట్‌గా భావించి సరఫరాను తెంచేసిందని అనుకోవాలి. ఈ రెండింటికీ కారణాలు వేరు.

మొదటిదానికి సాధారణ కారణం 9 వోల్టుల బ్యాటరీ. కొత్త ఆల్కలైన్ బ్యాటరీకే లోపలి నిరోధం ఒకటిన్నర నుంచి రెండు ఓంల దాకా ఉంటుంది. దాన్ని 1.7 ఓంలనుకుని, ఇగ్నైటర్‌కు ఒక ఓం, వైర్లకు 0.3 ఓం కలిపితే మొత్తం 3 ఓంలు, కరెంటు 3 ఆంపియర్లు, లోపలే 5.1 వోల్టులు ఖర్చయిపోగా బ్యాటరీ కొనల దగ్గర మిగిలేది 3.9 వోల్టులు. నానోలో వోల్టేజిని స్థిరంగా ఉంచే రెగ్యులేటర్‌కు అది ఏ మూలకూ చాలదు. కిరాణా కొట్లో దొరికే చవక బ్యాటరీల సంగతి ఇంకా అధ్వానం. మల్టీమీటర్‌లో 9.2 వోల్టులు కనిపించిందని ధైర్యపడవద్దు. అది విశ్రాంతిలో ఉన్న బ్యాటరీ లెక్క, పైగా కొన్ని మిల్లీసెకన్ల పతనాన్ని మామూలు మల్టీమీటర్ పట్టుకోలేదు. ఆసిలోస్కోప్ (వోల్టేజి మార్పులను గీతగా చూపే పరికరం) లేనివారు బ్యాటరీ వోల్టేజిని రెండు రెసిస్టర్లతో విభజించి అనలాగ్ పిన్‌కు ఇచ్చి, కనిష్ఠ విలువను నమోదు చేయించవచ్చు. అయితే కొలత ప్రమాణంగా 5 వోల్టుల సరఫరాను ఉంచితే అదీ బ్యాటరీతో పాటే పడిపోయి తప్పుడు లెక్క చూపుతుంది కనుక, చిప్ లోపలి 1.1 వోల్టుల ప్రమాణాన్నే ఎంచుకోవాలి.

బ్యాటరీకీ బోర్డుకూ మధ్య కరెంటును ఒకే దిశలో పోనిచ్చే 1ఎన్5819 డయోడ్, దాని తర్వాత 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టడం చాలామంది చెప్పే చిట్కా. మంచిదే, కానీ దాని హద్దు తెలిసి ఉండాలి. బోర్డు 50 మిల్లీఆంపియర్లు తీసుకుంటుంటే ఆ కెపాసిటర్‌లో 2 వోల్టులు తగ్గడానికి పట్టేది 40 మిల్లీసెకన్లే. ఇగ్నైటర్ వెంటనే తెగిపోతే ఆ వ్యవధి చాలు. కాలిన తర్వాత కూడా దాని తీగలు అతుక్కుని షార్ట్‌గా మిగిలిపోయి, ప్రోగ్రామ్ మాత్రం సెకను పాటు కరెంటు ఇస్తూనే ఉంటే, కెపాసిటర్ ఏమీ చేయలేదు. అందుకే బోర్డుకొక బ్యాటరీ, ఇగ్నైటర్లకొక బ్యాటరీ పెట్టి గ్రౌండ్ మాత్రం కలపడం ఉత్తమం. రక్షణ సర్క్యూట్ తెంచేసే సమస్యకూ ఇదే విరుగుడు: రక్షణ ఉన్న బ్యాటరీని బోర్డుకు ఉంచుకుని, ఇగ్నైటర్ల వైపు ఆ కరెంటును తట్టుకునే రకాన్ని వాడండి.

సమస్య: రాకెట్ లేచిన మరుక్షణం విద్యుత్ పోతున్నది

ఇది దాదాపు ఎప్పుడూ లూజ్ కాంటాక్టే. బ్యాటరీ బరువు స్ప్రింగ్ మీద పడేలా కాక, గట్టి కాంటాక్టు మీద పడేలా అమర్చి జిప్ టైతో బిగించండి. స్లయిడ్ స్విచ్ కదిలే దిశ రాకెట్ పొడవుకు అడ్డంగా ఉండాలి. స్క్రూతో బిగించే స్విచ్ దొరికితే మరీ మేలు. బ్రెడ్‌బోర్డ్, జంపర్ వైర్లు బల్లకే పరిమితం. స్క్రూ టెర్మినల్‌లో పెట్టే వైరు కొనకు టంకం పూసే అలవాటు చాలామందికి ఉంది. చూడటానికి ముచ్చటగా ఉన్నా, మెత్తని టంకం స్క్రూ ఒత్తిడికి మెల్లగా నలిగి, బిగించిన కొన్నాళ్లకు వైరు వదులవుతుంది. పలు పోగుల వైరు కొనకు ఫెర్రూల్ (చిన్న లోహపు తొడుగు) నొక్కి పెట్టి, ఒక్కొక్క వైరునూ వేళ్లతో లాగి చూడండి.

సమస్య: స్విచ్ వేయగానే ఇగ్నైటర్ వెలుగుతున్నది

అన్నింటిలోకీ ప్రమాదకరమైనది ఇదే. నానో ప్రారంభమయ్యేటప్పుడు 13వ పిన్‌కు ఉన్న లైటు మినుకుమంటుంది, అంటే మాస్‌ఫెట్‌ను ఆ పిన్‌కు కలిపితే ప్రతి రీసెట్‌కూ ఇగ్నైటర్‌కు కరెంటు వెళుతుంది. వేరే పిన్ వాడినా, చిప్ మేల్కొనేలోపు మాస్‌ఫెట్‌ను తెరిచే కాలు, అంటే గేటు, గాలిలో ఊగకుండా 10 కిలోఓంల రెసిస్టర్‌తో దాన్ని గ్రౌండ్‌కు లాగి ఉంచాలి. ఇగ్నైటర్ల దారిలో వేరే స్విచ్ తప్పనిసరి. బోర్డు మేల్కొని బజర్ స్థిరపడ్డాకే, రాకెట్ లాంచ్ స్టాండు మీద నిలువుగా ఉన్నప్పుడే దాన్ని వేయాలి.

దీనికి తిరుగు సమస్య, బల్బు గుడ్డిగా వెలగడం. ఐఆర్ఎఫ్‌జెడ్44ఎన్ మాస్‌ఫెట్ 5 వోల్టుల గేటుతో పూర్తిగా తెరుచుకోదు. దాని బదులు ఐఆర్ఎల్‌జెడ్44ఎన్ అడిగి తీసుకోండి, పేరులో ఒక్క అక్షరమే తేడా గనుక కొట్టులో ఒకసారి చదివి చూసుకోండి.

సమస్య: నేల మీదే 540 మీటర్ల ఎత్తు చూపుతున్నది

సెన్సార్ పాడవలేదు. హైదరాబాద్ సముద్ర మట్టానికి సుమారు అంత ఎత్తులోనే ఉంది, ఇక్కడి గాలి పీడనం దాదాపు 950 హెక్టోపాస్కల్. ప్రోగ్రామ్ మాత్రం సముద్ర మట్టపు ప్రామాణిక పీడనమైన 1013.25 నుంచి లెక్క కడుతున్నది. స్విచ్ వేశాక కొన్ని రీడింగుల సగటును సున్నాగా తీసుకుంటే సరి.

సమస్య: మెమరీ కార్డులో ఫైల్ ఖాళీగా ఉంది

కార్డు రాసే సమయంలో ఒక్కోసారి 100 మిల్లీఆంపియర్ల వరకు లాగగలదు, నానో 3.3 వోల్టుల పిన్ ఇవ్వగలిగింది 50 మాత్రమే. కార్డుకు విడిగా రెగ్యులేటర్ పెట్టండి. అలాగే ఫైల్‌ను చివర్లో మూయడానికి వదిలేయకుండా ప్రతి సెకనుకూ ఒకసారి కార్డులోకి పూర్తిగా రాయించండి. అప్పుడు దిగేటప్పుడు బ్యాటరీ ఊడినా అంతవరకు నమోదైన వివరాలు దక్కుతాయి.